మలుపు దగ్గర నిలబడండి: మెల్బోర్న్ ట్రాములు ఎక్కడం, ఫొటోలు తీయడం, నా అనుభవం

మెల్బోర్న్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళు చాలావరకు పడమటి శివార్లలో ఉంటాయి. టార్నీట్, పాయింట్ కుక్, విండమ్ వేల్ పేర్లు ఈపాటికి చాలామంది వినే ఉంటారు. నేను దిగింది కూడా టార్నీట్‌లో స్నేహితుల ఇంట్లోనే. అక్కడ ఎంత తిరిగినా ట్రాము కనపడదు. పడమటి వైపు పట్టాలు ఫుట్‌స్క్రేతో ఆగిపోతాయి. కాబట్టి ట్రాముల కోసం వెళ్ళేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది రైలు. టార్నీట్‌లో వి/లైన్ (దూరప్రాంతాలకు రైళ్ళు నడిపే సంస్థ) రైలు ఎక్కితే అరగంట అటూ ఇటూగా సదరన్ క్రాస్ స్టేషన్‌లో దిగుతారు. పాయింట్ కుక్‌లో ఉండేవాళ్ళకు దగ్గరి స్టేషన్ విలియమ్స్ ల్యాండింగ్. సదరన్ క్రాస్ బయటికి రాగానే స్పెన్సర్ స్ట్రీట్ మీద 96 నంబరు ట్రాము, పక్కనే కాలిన్స్ స్ట్రీట్ మీద 109 నంబరు దొరుకుతాయి.

"కారులో దింపుతాం, రైలెందుకు?" అంటారు ఇంట్లోవాళ్ళు. స్టేషన్ దాకా దింపమని చెప్పండి చాలు. నగరం నడిబొడ్డున కారు నడపడం కొత్తవాళ్ళకే కాదు, అక్కడ ఏళ్ళుగా ఉన్నవాళ్ళకూ ఇబ్బందే. రోడ్డు మధ్యలో ట్రాము పట్టాలు ఉంటాయి కాబట్టి చాలా కూడళ్ళలో కుడివైపు తిరగాల్సిన కారు ఎడమ అంచుకు వెళ్ళి, కూడలి మధ్యలోకి వచ్చి ఆగి, తాను తిరగబోయే అడ్డ రోడ్డుకు పచ్చ దీపం పడేటప్పుడు తిరగాలి. దీన్ని హుక్ టర్న్ అంటారు. ఈ కార్ల సంగతి ఫొటోలకూ అవసరమే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. 59 నంబరు ట్రాము ముఖాన "ఎయిర్‌పోర్ట్ వెస్ట్" అని రాసి ఉంటుంది. అది ఒక పేట పేరు. టలమరీన్ విమానాశ్రయానికి ట్రాము లేదు. పెట్టెలతో 59 ఎక్కితే విమానాశ్రయం చేరరు.

టికెట్టు

కాగితం టికెట్టు ఉండదు. మైకీ అనే కార్డు కొనాలి. పెద్దవాళ్ళ కార్డు ఖరీదు 6 డాలర్లు, అందులో వేసుకునే డబ్బు వేరు. సెవెన్-ఎలెవెన్ దుకాణాల్లోనూ స్టేషన్లలోనూ దొరుకుతుంది. ట్రాములో కొనడానికీ, డబ్బు వేయించుకోవడానికీ వీల్లేదు. డ్రైవరును అడిగినా ప్రయోజనం లేదు.

నగరం మధ్యలో ఉచిత ట్రాము ప్రాంతం ఉంది. 2015 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఏర్పాటు ఇది. స్థూలంగా స్ప్రింగ్ స్ట్రీట్, ఫ్లిండర్స్ స్ట్రీట్, లా ట్రోబ్ స్ట్రీట్ మధ్య ఉన్న వీధులన్నీ, ఎలిజబెత్ స్ట్రీట్ మీద క్వీన్ విక్టోరియా మార్కెట్ దాకా, పడమట డాక్‌ల్యాండ్స్ దాకా. ఈ గిరిలోనే ఎక్కి, గిరిలోనే దిగుతుంటే కార్డును యంత్రానికి తాకించకూడదు. అలవాటుకొద్దీ తాకిస్తే డబ్బు పోతుంది. గిరి దాటితే మాత్రం తాకించి తీరాలి. ఎక్కువమంది తడబడేది నది దగ్గర. ఫెడరేషన్ స్క్వేర్ స్టాపు గిరి లోపల ఉంది. ప్రిన్సెస్ బ్రిడ్జి దాటగానే వచ్చే ఆర్ట్స్ ప్రిసింక్ట్ స్టాపు బయట ఉంది. ఒక్క స్టాపే కదా అనుకుంటే తనిఖీ అధికారి ఎక్కినప్పుడు జరిమానా కట్టాల్సి వస్తుంది. ఉత్తరం వైపు మెల్బోర్న్ యూనివర్సిటీ స్టాపు కూడా బయటే.

రెండు గంటల ఛార్జీ అనేది నిజానికి రెండు గంటలకంటే ఎక్కువే పనిచేస్తుంది. కార్డు తాకించాక వచ్చే నిండు గంట నుంచి రెండు గంటలు లెక్క. 10:05కు తాకిస్తే లెక్క 11కు మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది. అదే 9:55కు తాకిస్తే 12కే అయిపోతుంది. ఆ పది నిమిషాలు ఆగి ఎక్కితే గంట కలిసొస్తుంది. సాయంత్రం 6 తర్వాత మొదటిసారి తాకిస్తే తెల్లవారుజామున 3 దాకా చెల్లుతుంది, రాత్రి ఫొటోలకు ఇది చాలా ఉపయోగం. రోజు మొత్తం మీద రెండు గంటల ఛార్జీకి రెట్టింపు దాటి కోయరు. టార్నీట్ నుంచి రైల్లో వచ్చి, పొద్దంతా ట్రాములు మారుతూ తిరిగి, రాత్రి రైల్లో వెళ్ళినా అంతే. రైలు దిగినప్పుడు మళ్ళీ తాకించాలి, ట్రాము దిగినప్పుడు సాధారణంగా అక్కర్లేదు.

ట్రాముల జాడకు ట్రామ్‌ట్రాకర్ అనే యాప్ ఉంది. స్టాపు గుర్తింపు సంఖ్య కొడితే రాబోయే ట్రాములు ఎన్ని నిమిషాల్లో వస్తాయో చెబుతుంది. ట్రాములో కూర్చుని ఆ బండి నంబరు కొడితే ముందున్న స్టాపులన్నీ వరసగా చూపిస్తుంది. కొత్త ఊళ్ళో దిగాల్సిన మలుపు దాటిపోకుండా ఉండడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనపడలేదు. స్టాపులో ఊరికే నిలబడితే ట్రాము ఆగకపోవచ్చు. మన ఊళ్ళో ఆర్టీసీ బస్సును ఆపినట్టే చెయ్యెత్తాలి.

సూర్యుడు ఉత్తరాన ఉంటాడు

ఫొటోల సంగతిలో మనవాళ్ళు చేసే మొదటి తప్పు దిక్కులది. మనకు ఏడాదిలో ఎక్కువ భాగం మిట్టమధ్యాహ్నం ఎండ దక్షిణం వైపు నుంచి పడుతుంది. చేతికి, కంటికి ఆ అలవాటు ఉండిపోతుంది. మెల్బోర్న్ దక్షిణార్ధగోళంలో దాదాపు 38 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ ఉత్తరానే. ఉదయం తూర్పున పుట్టి, ఉత్తరం మీదుగా ఎడమచేతి వైపుకి జరుగుతూ పడమట దిగుతాడు. ఇది తెలిసీ, మొదటి రోజు నిలబడ్డ చోటల్లా ఎండకు ఎదురే నిలబడ్డాను. తీసిన ఫొటోల్లో సగం ట్రాముల ముఖాలు నల్లగా వచ్చాయి.

దీనికి తోడు నగరం మధ్యలోని గళ్ళ వీధులు సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా లేవు, కాస్త వాలుగా వేశారు. స్వాన్‌స్టన్, ఎలిజబెత్ వీధులు ఉత్తర కొసన కొంచెం పడమటికి ఒరిగి ఉంటాయి. బర్క్, కాలిన్స్, ఫ్లిండర్స్ వీధులు తూర్పు కొసన కొంచెం ఉత్తరానికి ఒరిగి ఉంటాయి. దీన్నిబట్టి లెక్క ఇలా తేలుతుంది. స్వాన్‌స్టన్ మీద ఉత్తరానికి వెళ్ళే ట్రాము ముఖం మీద మధ్యాహ్నం నుంచి మంచి వెలుగు. దక్షిణానికి వచ్చే ట్రాము ముఖం దాదాపు రోజంతా నీడలోనే, దాని కోసం ఎదురుచూడడం అనవసరం. బర్క్, కాలిన్స్ మీద తూర్పుకు వెళ్ళే ట్రాములను పొద్దున, పడమటికి వచ్చేవాటిని మధ్యాహ్నం దాటాక తీయాలి.

జూన్, జులై నెలల్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 29 నుంచి 34 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అప్పుడు ఎత్తు భవనాల నీడలో కాలిన్స్, బర్క్ వీధుల అడుగు వెలుతురు లేకుండా ఉంటుంది. ఒంటిగంట దాటాక కాసేపు స్వాన్‌స్టన్ వెంబడి మాత్రం ఎండ నిలువుగా దారి పొడవునా దిగుతుంది. ఆ కాసేపు వదులుకోవద్దు. డిసెంబరులో దీనికి తలకిందులు. సూర్యుడు 75 డిగ్రీల దాకా ఎక్కుతాడు, ట్రాము పైకప్పు మెరిసి కింద అంతా చీకటి అవుతుంది. ఆ నెలల్లో గడియారాలను గంట ముందుకు తిప్పుతారు కాబట్టి నడిమధ్యాహ్నం దాదాపు 1:15కు వస్తుంది. 11 నుంచి 4 దాకా ట్రాముల్లో తిరగడానికి, మ్యూజియానికి ఉంచుకుని, కెమెరా పని సాయంత్రానికి పెట్టుకుంటే మేలు. కాలిన్స్ స్ట్రీట్ తూర్పు కొసన పెద్ద పెద్ద ప్లేన్ చెట్లున్నాయి. ఎండాకాలంలో వాటి ఆకులు ట్రామును కప్పేస్తాయి. చలికాలంలో ఆకులు రాలి, ఎత్తు ఎక్కుతూ వచ్చే 109, 11 నంబర్లు కొమ్మల మధ్య నుంచి చక్కగా కనిపిస్తాయి.

మలుపు

తిన్నగా వచ్చే ట్రామును ఎదురుగా తీస్తే ముఖం ఒక్కటే వస్తుంది. పక్క నుంచి తీస్తే పొడవాటి డబ్బా వస్తుంది, 'ఈ' (E) తరగతి అనే కొత్త బండి 33 మీటర్లు ఉంటుంది కాబట్టి ఇరుకు వీధిలో అది ఫ్రేములో పట్టదు కూడా. ట్రాము ట్రాములా కనిపించేది మలుపులో. ముఖం, పక్క, కీళ్ళ దగ్గర ఒంపు తిరిగిన ఒళ్ళు, కింద వంకర పట్టా, పైన దాన్నే అనుసరించే తీగ అన్నీ ఒకేసారి దొరుకుతాయి. వేగం కూడా తగ్గుతుంది, దానివల్ల షట్టర్ (కెమెరాలోకి వెలుతురు పడే వ్యవధి) నెమ్మదిగా పెట్టుకునే వీలుంటుంది. పది రోజుల్లో నేను నేర్చుకున్నది ప్రధానంగా ఇదే. మ్యాపులో పట్టా వంగిన చోటు చూసుకోవాలి, ఎండ ఎప్పుడు ఎటుంటుందో చూసుకోవాలి, ఆ వేళకు అక్కడికి ట్రాములోనే వెళ్ళి దిగాలి.

మొదలుపెట్టడానికి బర్క్, స్ప్రింగ్ వీధుల మూల మంచిది. 86, 96 నంబర్లు బర్క్ స్ట్రీట్ ఎత్తు ఎక్కి వచ్చి, పార్లమెంటు భవనం ఎదురుగా ఎడమకు తిరిగి నికల్సన్ స్ట్రీట్ వైపు పోతాయి. పొద్దున పార్లమెంటు మెట్ల మీద నిలబడితే సూర్యుడు మన వెనక ఉంటాడు, బర్క్ స్ట్రీట్ పొడవంతా కింద కనిపిస్తుంది, ట్రాము నేరుగా మన వైపు వచ్చి కళ్ళ ముందే తిరుగుతుంది. 70 మి.మీ. లెన్స్ సరిపోతుంది. మధ్యాహ్నం 3 తర్వాత ఇదే దృశ్యాన్ని తిరగేయాలి. బర్క్ స్ట్రీట్ మాల్‌లో నిలబడి 135 నుంచి 200 మి.మీ. లెన్స్‌తో తూర్పుకు చూస్తే పార్లమెంటు స్తంభాల మీద పడమటి ఎండ పడుతుంది, దిగివచ్చే ట్రాము ముఖం మీదా పడుతుంది. మాల్‌లో కార్లు ఉండవు, జనం ఉంటారు. పట్టాల మీదుగానే అటూ ఇటూ నడుస్తారు. జనం తప్పుకునేదాకా ఆగకండి, ట్రాము ముందు నుంచి ఇద్దరు దాటుతుంటేనే ఆ వీధి ఎలాంటిదో తెలుస్తుంది.

అక్కడి నుంచి 96 ఎక్కి ఉత్తరానికి రెండు మూడు స్టాపులు పోతే కార్ల్‌టన్ తోటలో రాయల్ ఎగ్జిబిషన్ భవనం. 1880లో కట్టింది, 2004లో యునెస్కో జాబితాలో చేరింది. నికల్సన్ స్ట్రీట్ దాని తూర్పు పక్కన ఉంది కాబట్టి పొద్దునే వెళ్ళాలి, మధ్యాహ్నం దాటితే భవనం ఇటువైపు నీడ పడుతుంది.

ట్రాము పట్టాల పిచ్చి ఉన్నవాళ్ళు తప్పకుండా చూడాల్సింది బలక్లావా జంక్షన్. కాల్‌ఫీల్డ్ నార్త్‌లో బలక్లావా రోడ్డు, హాథార్న్ రోడ్డు కలిసే చోటు. నాలుగు వైపుల నుంచి వచ్చే జంట పట్టాల్లో ఏ వైపు నుంచి ఏ వైపుకైనా ట్రాము తిరగగలిగేలా పట్టాలన్నీ అల్లుకుని ఉంటాయి. దీన్ని గ్రాండ్ యూనియన్ అంటారు, దక్షిణార్ధగోళంలో ఇంకెక్కడా లేదు. నగరం నుంచి 3 లేదా 64 ఎక్కితే చేరొచ్చు. 3 బలక్లావా రోడ్డు వెంట తిన్నగా పోతుంది, 64 హాథార్న్ రోడ్డు వెంట తిన్నగా పోతుంది, 16 మాత్రం ఒక రోడ్డు నుంచి ఇంకో రోడ్డుకు తిరుగుతుంది. కాబట్టి ఫొటోకు కావలసింది 16. ట్రామ్‌ట్రాకర్‌లో దాని సమయం చూసుకుని నిలబడండి. వాన వెలిసిన వెంటనే వెళ్తే మరీ మంచిది. తడి తారు నల్లబడి, పట్టాలు ఒక్కటే వెండి గీతల్లా ఆకాశాన్ని చూపిస్తాయి. చక్రం ఒక పట్టా నుంచి ఇంకోదాని మీదకు దాటినప్పుడల్లా టక్కు టక్కుమని శబ్దం వస్తుంది. నాలుగు చక్రాల బోగీ ఒక కూడలి దాటేసరికి ఆ దరువు ఎన్నిసార్లు వినిపిస్తుందో వీడియో తీసుకుంటే తెలుస్తుంది. ఎప్పుడైనా దారి మార్చే పట్టా కదలకపోతే డ్రైవరు కిందికి దిగి ఇనప కడ్డీతో నెడతారు. అది కంటపడితే వదలకండి. అలాగని దగ్గరికి మాత్రం పోవద్దు, వాళ్ళ పని వాళ్ళను చేసుకోనివ్వాలి.

ముఖం మీది అక్షరాలు

ట్రాము ఫొటోలో అందరికీ ఎదురయ్యే సమస్య గమ్యం బోర్డు. కంటికి నిండుగా కనిపించే నంబరు ఫొటోలో సగం చెరిగిపోయి వస్తుంది. కారణం, ఎల్ఈడీ బోర్డులో చుక్కలన్నీ ఒకేసారి వెలగవు. వరసలవారీగా చాలా వేగంగా వెలిగి ఆరుతుంటాయి. కంటికి అది కలిసిపోతుంది. షట్టర్ 1/500, అంటే సెకనులో అయిదువందల వంతు, పెడితే ఆ క్షణాన వెలిగిన వరసలే పడతాయి, మిగతావి చీకటి. ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) పెంచినా, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) మార్చినా ఇది పోదు, షట్టర్ నెమ్మదించాల్సిందే. 1/125 దగ్గర మొదలుపెట్టి, 1/100, 1/80, 1/60 ఒక్కొక్కటి తీసి, తెర మీద పెద్దది చేసి నంబరు చూసుకోండి. ఒక్కో తరగతి బండికి ఒక్కో హద్దు ఉంటుంది కాబట్టి ఒకదానికి కుదిరింది ఇంకోదానికి కుదరకపోవచ్చు. మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ తీసేసి మెకానికల్ పెట్టుకోవాలి, లేకపోతే బోర్డు మీద అడ్డ చారలు కూడా వస్తాయి. ఫోనుతో తీసేవాళ్ళు ప్రో మోడ్‌లో 1/60 పెట్టుకోవచ్చు, అది మసక వెలుతురులోనే కుదురుతుంది. మరీ ఎండలో 1/60 అంటే ఫొటో తెల్లబోతుంది, కెమెరాలో ఎపర్చర్ ఎఫ్/22 దాకా మూసి, ఐఎస్‌ఓ 100కు దించాలి.

1/60కి నడుస్తున్న ట్రాము చెదిరిపోదా అంటే, అందుకే మలుపు, అందుకే స్టాపు. ఆగి ఉన్నప్పుడో, బయలుదేరిన మొదటి రెండు క్షణాల్లోనో తీయాలి. ట్రాములకు కూడళ్ళలో వేరే దీపం ఉంటుంది, "టి" ఆకారంలో తెల్లగా వెలుగుతుంది. చాలాచోట్ల అది కార్ల పచ్చ దీపం కంటే ముందు పడుతుంది. ఆ రెండు మూడు సెకన్లలో ట్రాము ఒక్కటే కూడలిలోకి వస్తుంది, పక్కన కారు ఉండదు. నేను ట్రామును కాకుండా ఆ దీపాన్ని చూస్తూ నిలబడడం మొదలుపెట్టాక కార్లు అడ్డుపడ్డ ఫొటోలు బాగా తగ్గాయి. హుక్ టర్న్ ఉన్న కూడళ్ళలో మాత్రం కుడికి తిరగాల్సిన కార్లు ఎడమ అంచున వచ్చి ఆగుతాయి, అవి మన కెమెరాకు ట్రాముకు మధ్య పడకుండా ఎదురు మూలకు వెళ్ళాలి.

కదలిక చూపించాలంటే 1/30 పెట్టి, నడుము తిప్పుతూ ట్రాముతో పాటు కెమెరాను జరపాలి. గమ్యం బోర్డు మీద ఫోకస్ పెట్టి, అది ఫ్రేములో ఒకే చోట ఉండేలా చూసుకోవాలి. ఇరవైలో మూడు కుదిరితే చాలు.

ఎక్కి తిరగడం

ఒక్కటే ట్రాము ఎక్కే తీరిక ఉంటే 96 ఎక్కండి. ఈస్ట్ బ్రన్స్‌విక్ నుంచి సెయింట్ కిల్డా సముద్రం దాకా వెళ్తుంది. నగరం దాటి కాస్త దూరం పోయాక ట్రాము రోడ్డు వదిలేసి తన సొంత దారిలో పడుతుంది. అది 1857లో వేసిన రైలు మార్గం. 1987లో రైలు ఆపి, 1600 మి.మీ. వెడల్పు పట్టాలను ట్రాముల 1435 మి.మీ.కు మార్చి, అదే ఏడు నవంబరులో ట్రాము నడిపారు. సౌత్ మెల్బోర్న్, ఆల్బర్ట్ పార్క్ దగ్గర పాత రైల్వే స్టేషన్ భవనాలు ఇంకా ఉన్నాయి. ఇక్కడ ట్రాము వేగం అందుకుంటుంది, రోడ్డు మీద తిరిగే ట్రాముతో పోలిస్తే నడక తీరే వేరు. 109 దక్షిణ కొస కూడా ఇలాంటిదే, పోర్ట్ మెల్బోర్న్ రైలు దారి మీద నడుస్తుంది. 1854లో ఆస్ట్రేలియాలో మొదటి ఆవిరి రైలు నడిచింది ఆ దారిలోనే.

96 చివర ఎస్‌ప్లనేడ్ మీద సముద్రం పక్కగా వచ్చి, 1912 నాటి లూనా పార్క్ దగ్గర ఆక్లండ్ స్ట్రీట్‌లోకి తిరుగుతుంది. అది కూడా మలుపే. సముద్రం పడమట ఉంది కాబట్టి సాయంత్రం ఎండ నేరుగా ట్రాము మీద పడుతుంది. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు చేరండి. గాలి ఎక్కువ, చలికోటు ఎండాకాలంలోనూ సంచిలో ఉండాలి.

ట్రాము లోపలి నుంచి ఫొటోలు తీయాలంటే లెన్స్ హుడ్‌ను అద్దానికి ఆనించాలి. మధ్యలో సందు ఉంటే మన చొక్కా, లోపలి దీపాలు అద్దంలో పడతాయి. రబ్బరు హుడ్ అయితే అదురు కూడా తగ్గుతుంది. ఫ్లాష్ వేయొద్దు. పక్కవాళ్ళ ముఖాలు దగ్గరగా తీయొద్దు. జనం ఎక్కే దిగే వేళల్లో వీపు సంచి ముందుకు తగిలించుకోవాలి.

పాత ట్రాము ఎక్కాలంటే 35 నంబరు, సిటీ సర్కిల్. 1994 ఏప్రిల్ 29న మొదలైంది, ఎవరికైనా ఉచితం. నడిచేవి డబ్ల్యూ తరగతి బండ్లు. డబ్ల్యూ తరగతి మొదటి బండి 1923లో వచ్చింది, 1956 దాకా రకరకాలుగా 750కి పైగా కట్టారు. ఆకుపచ్చ, మీగడ రంగు. మధ్యభాగం నేల రెండు కొసల కంటే కిందికి ఉంటుంది, ఎక్కడానికి వీలుగా. చేత్తో పట్టుకునే తోలు ఉంగరాలు ట్రాము ఊగినప్పుడల్లా వరసగా ఒకేసారి ఊగుతాయి. 1/15 పెట్టి, మోచేతులు కడ్డీకి ఆనించి తీస్తే ఉంగరాలు చెదిరి, కిటికీ చట్రం నిలిచి వస్తుంది. పగటిపూట నడుస్తుంది. బయటి నుంచి తీయడానికి స్ప్రింగ్ స్ట్రీట్ నుంచి ఫ్లిండర్స్ స్ట్రీట్‌లోకి తిరిగే ఆగ్నేయ మూల బాగుంటుంది, 2 తర్వాత. పడమటికి తిరిగిన ముఖం మీద అప్పుడు ఎండ ఉంటుంది.

ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముందు అందరూ తీస్తారు, మీరూ తీయండి. స్టేషన్ గుమ్మటం ఈశాన్యానికి చూస్తుంది కాబట్టి పొద్దున వెళ్ళండి. స్వాన్‌స్టన్ మీద 1, 3, 5, 6, 16, 64, 67, 72 అన్నీ ఇటే వస్తాయి, అయిదు నిమిషాలు ఖాళీగా నిలబడాల్సిన అవసరం రాదు. చీకటిపడ్డాక ప్రిన్సెస్ బ్రిడ్జి కాలిబాట మీద చిన్న ట్రైపాడ్ పెట్టి, 4 నుంచి 8 సెకన్లు తెరిచి ఉంచితే ట్రాము దీపాలు గీతలుగా వస్తాయి. ట్రాము స్టాపు అరుగుల మీద ట్రైపాడ్ వద్దు, జనానికి అడ్డం.

జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్పాలి. కెమెరాలో చూస్తూ వెనక్కి అడుగు వేయకండి. వెనక ఇంకో పట్టా ఉంటుంది, కొత్త ట్రాములు చప్పుడు లేకుండా వస్తాయి. ఇనప చక్రం ఇనప పట్టా మీద కారులా ఆగదు. ఒక్కో ట్రాము ముప్పై ఖడ్గమృగాల బరువని అక్కడ జనానికి ప్రచారం చేశారు, ఆ పోస్టర్ల సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అరుగు లేని స్టాపుల్లో దిగేవాళ్ళు నేరుగా రోడ్డు మీదే దిగాలి. తలుపు తెరిచి ఉన్నంతసేపు కార్లు వెనక ఆగాలని చట్టం ఉన్నా, ఎడమవైపు చూసి దిగండి.

నంబర్లు, పాత బండ్లు

తీసిన ప్రతి ఫొటోకూ బండి నంబరు రాసుకుంటే తర్వాత ఏది ఏమిటో తేలిగ్గా తెలుస్తుంది. 116 నుంచి 230 దాకా జెడ్3, 231 నుంచి 300 దాకా 'ఏ' (A) తరగతి. 2000తో మొదలైతే బి తరగతి, ఇక్కడి మొదటి కీళ్ళ బండ్లు. 3001 నుంచి 3036 సి, 3500ల్లో డి1, 5000 మొదట్లో డి2, 6000ల్లో 'ఈ' (E). 5100ల్లో కనిపించేవి సి2, అయిదే ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని మ్యులూజ్ నగరం కోసం కట్టినవాటిని 2008లో అద్దెకు తెచ్చారు, తుమ్మెద అనే అర్థం వచ్చే బంబుల్‌బీ పేరుతో పిలుస్తారు. ఇవి తిరిగేది 96లో.

ఇంత పెద్ద వ్యవస్థ ఎలా మిగిలిందంటే, వెడల్పు వీధులు ఒక కారణం, 1949 నుంచి 1970 దాకా ట్రాము బోర్డు అధ్యక్షుడిగా ఉన్న రాబర్ట్ రిసన్ పట్టుదల ఇంకో కారణం. ప్రపంచంలో చాలా నగరాలు పట్టాలు పీకేస్తున్న రోజుల్లో ఆయన ఒప్పుకోలేదు. అదే కాలంలో, 1953లో, మనవాళ్ళెందరో తిరిగిన మద్రాసు ట్రాములు ఆగిపోయాయి. అవి 1895 నుంచి నడిచాయి. మన దేశంలో మిగిలింది కోల్‌కతా ఒక్కటే. మెల్బోర్న్, కోల్‌కతా ట్రాము కార్మికులు, అభిమానులు కలిసి 1996 నుంచి ట్రామ్‌జాత్రా పేరుతో ఉత్సవం చేసుకుంటున్నారు. ఇప్పుడు మెల్బోర్న్‌లో 250 కిలోమీటర్ల జంట పట్టాలు, 1,700కు పైగా స్టాపులు ఉన్నాయి. నడుస్తున్న ట్రాము వ్యవస్థల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదే.

శనివారం ఒకటి ఖాళీగా ఉంచుకోగలిగితే హాథార్న్ అనే పేటలో (పైన చెప్పిన హాథార్న్ రోడ్డు కాదు) పాత డిపోలో ట్రాము మ్యూజియం ఉంది, 70 లేదా 75 ఎక్కాలి. నెలలో రెండో, నాలుగో శనివారాల్లో తెరుస్తారు. బయలుదేరే ముందు ఆ వారం ఉందో లేదో చూసుకోండి. లోపల వెలుతురు తక్కువ, ఎఫ్/1.8 లెన్స్ ఒకటి ఉంటే మంచిది.

సమయం తక్కువుంటే 'ఈ' (E) తరగతి వదిలేసి జెడ్3, 'ఏ' (A) తరగతులకే కెమెరా పట్టండి. 'ఈ' (E) తరగతి బండ్లు వంద ఉన్నాయి, ఇంకా చాలా ఏళ్ళు నడుస్తాయి. జెడ్3లు 1979 నుంచి 1983 మధ్య కట్టినవి, వాటి స్థానంలో జి తరగతి అనే కొత్త బండ్లు కట్టించారు. 57 నంబరులో వెతకండి. ఎలిజబెత్ స్ట్రీట్ దక్షిణ కొసన, ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ఎదురుగా దాని ఆఖరి స్టాపు. అక్కడ ట్రాము తిరగదు, డ్రైవరు ఒక కొస దిగి రెండో కొసకు నడిచి వెళ్తారు. ఆ రెండు మూడు నిమిషాలు తలుపులు తెరిచే ఉంటాయి. మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి చూడండి. అడుగు పడే చోట అంచుకు బిగించిన రేకు మధ్యలో అరిగి పల్లం పడి, రెండు వైపులా మాత్రం అరగకుండా అలాగే ఉంది. నేను తీసుకొచ్చిన ఫొటోల్లో ఇంట్లో గోడకు పెట్టింది ఆ మెట్టుదే.